పాలు పడని కడుపు

నిరుడు బరువు తగ్గడానికి నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ జరిగింది. చిన్ననాటినుండి పాలు తాగినవాడినే. ఇప్పుడు అరగ్లాసు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే ఎంజైము చిన్నప్రేవుల పైభాగంలోనే ఎక్కువట. ఆహారం ఇప్పుడు అందులో కొంత భాగాన్ని తాకకుండానే పోతుందని డాక్టరుగారు వివరించారు. పంచదార కలిపితే చెమటలు, గుండెదడ అదనం!

రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా కావాలి. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది గనుక రెండు చెంచాలతో మొదలుపెట్టాను. పడింది. పన్నీరు కూడా పడింది.

కష్టమల్లా గృహదర్శనాలలోనే. మా సంఘంలో ఒక అవ్వకు ఉన్నది ఒక్క గేదె. "అయ్యగారూ, మీకోసమే కాచాను" అని చిక్కటి పాలు తెచ్చింది. మజ్జిగ ఇవ్వమన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. మరుసటి వారం చెంబునిండా మజ్జిగ చిలికి ఉంచింది. నా కడుపుకు పట్టింది పావుగ్లాసే.