‘ఆతూం’ అని చెప్పి వెళ్ళిన అబ్బా



మొన్న మగ్రిబ్ నమాజు అయ్యాక మా చిన్నది ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి సవాల్ వేసింది. "మమ్మీ, ‘గో’కి ‘గోడ్’ అవ్వాలిగా, ‘వెంట్’ ఎందుకయ్యింది?"

‘వెంట్’ అసలు ‘గో’ కన్నబిడ్డ కాదు, ‘వెండ్’ అనే పాత మాటకి పుట్టింది. ‘గో’ దాన్ని తెచ్చి పెంచుకుంది. మన ఉర్దూలో మాత్రం ‘జానా’ అని, అయిపోయాక ‘గయా’ అనమూ? తెలుగులో ‘వచ్చాడు’ అంటాం, పిలవాలంటే ‘రా’ అంటాం. పొద్దస్తమానం నోట్లో నానే మాటలే ఏ ఖాయిదాకీ లొంగవు అని చెప్తే నవ్వింది.

తర్వాతి పేజీలో ‘హ్యాజ్ గాన్ టు’, ‘హ్యాజ్ బీన్ టు’. నా దిల్ ఒక్కసారి 1990కి పోయింది.

రాజమండ్రిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. అబ్బా కువైట్‌లో డ్రైవరు. మా గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళకో ఆ ఊరే అన్నం పెట్టింది. ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగింది. ఖత్‌లు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే క్లాసులో సొంతంగా వాక్యం రాయమంటే, ‘మై ఫాదర్ హ్యాజ్ బీన్ టు కువైట్’ అని రాశాను. టీచరు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "మీ నాన్నగారు వచ్చేశారా? ‘బీన్’ అంటే వెళ్ళి వచ్చేశారని. ఇంకా అక్కడే ఉంటే ‘గాన్’ రాయాలమ్మా" అన్నారు.

ఆయన చెప్పింది సహీ. కానీ ‘గాన్’ అంటే నా చెవికి ‘పోయాడు’ అని వినబడింది. దిద్దమన్నా దిద్దలేదు.

మా ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ ‘జాతూం’ అనకూడదు. దాదీమా ఊరుకునేది కాదు, ‘ఆతూం’ అనాల్సిందే. పక్కింటి హిందువుల పిన్నిగారూ అంతే, ‘వెళ్తాను’ అంటే తప్పు, ‘వెళ్ళొస్తాను’ అనిపించేది. స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు అబ్బా అన్నది ఆ మాటే. ఆ ఆగస్టంతా దాదీమా జానిమాజ్ మీద కూర్చుని తస్బీ తిప్పుతూ, అమ్మీ ఏడ్చినప్పుడల్లా, "ఆతూం బోల్‌కే గయా. ఆతాచ్" అనేది. ఆమెకి ఇంగ్లీషు గ్రామర్ తెలీదు, కొడుకు జబాన్ తెలుసు.

కువైట్‌లో చిక్కుకున్న లక్షకు పైగా మనవాళ్ళని ఆ ఏడు అక్టోబరు దాకా ఎయిరిండియా విమానాల్లో తెచ్చారు. చాలామంది బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ విమానం ఎక్కారు. అబ్బా కూడా అలాగే సెప్టెంబరులో ఒక్క చేసంచీతో గుమ్మంలో నిలబడ్డారు. నాలుగేళ్ళ కమాయి అక్కడే పోయింది. దాదీమా సంచీ వైపు చూడను కూడా లేదు, కొడుకు మొహం తడిమి షుక్రానా నమాజుకి లేచింది.

ఆ రాత్రి నోటుబుక్ తీశాను. ఎర్ర సున్నాలో నా తప్పు వాక్యం. ఒక్క అక్షరం మార్చకుండానే సహీ అయిపోయింది.

ఇదంతా విన్నాక మా చిన్నది మెల్లగా అడిగింది, "మరిప్పుడు నానాజాన్‌కి ఏది రాయాలి?"

అబ్బా ఇంతిఖాల్ అయి నాలుగేళ్ళు. ఆ ఫజర్ వేళ ‘ఆతూం’ అనలేదు.

"‘గాన్’ రాయి బేటా" అన్నాను. ఈసారి ఆ మాట అంత భయపెట్టలేదు. మౌత్ ఖబర్ వినగానే మనం చదివే మాటలో వెళ్ళిపోవడం లేదు కదా, రబ్ దగ్గరికి తిరిగి మళ్ళడమే ఉంది.

అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి.