అట్టమీది బొమ్మ పోయిన ఊరు

మీలో 'మాయాబజార్' చూడనివారు ఉండరనుకుంటాను. అందులో ద్వారకానగరం దీపాలతో మిలమిలలాడుతూ కనిపిస్తుందే... అది ఊరు కాదు, బొమ్మల కొలువు! 1957లో వచ్చిన ఆ చిత్రం కోసం కళాదర్శకులు గోఖలే, కళాధర్ మద్రాసులో 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టించారు. ప్రతి ఇంటికీ విడిగా ఓ కరెంటు దీపం! మార్కస్ బార్ట్లే కెమెరా పెట్టేసరికి అది కాస్తా మహానగరమైపోయింది.

సెట్టన్నది షూటింగు అయ్యాక విప్పేసేదే కదా. ద్వారక ఇప్పుడు తెరమీద బొమ్మగానే మిగిలింది. దీన్ని సరిగ్గా తిరగేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే వరంగల్లు వెళ్ళాలి. ఓరుగల్లు కోట నడిబొడ్డున ముక్కలన్నీ నేలమీదే ఉన్నాయి. బొమ్మే లేదు!

మొన్న చలికాలంలో ఆ కోట చూసొచ్చాను. నా గైడుకు పదమూడేళ్ళు. హనుమకొండలో ఉంటున్న మా అక్కయ్య కొడుకు. వాడికి లెగో ఇటుకల పిచ్చి. అవే, నొక్కితే టక్కున అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు. డెన్మార్కులో వాటికి పేటెంటు కోరింది 1958 జనవరి 28న. అంటే మన మాయాబజార్ వచ్చిన మరుసటి ఏడు. ఆ ఇటుకలతో వీడు డాబామీది గదిలో ఓరుగల్లు కోట కడుతున్నాడు. ఊరికే చూసే బొమ్మకోట కాదండోయ్! తలుపులు తెరుచుకోవాలి, ఎడ్లబండి లోపలికి నడవాలి. అందుకని ఓ పాడైన బొమ్మకారులోంచి మోటారు ఊడబీకి బండికి పెట్టాడు.

"కోటేమో గుండ్రం, నీ ఇటుకలేమో పలకలు. ఎలారా?" అన్నాను.

"గోడ సన్నగ, పొడుగ్గ కట్టాలె మామా. అతుకులల్ల జరంత సందుంటది గద. మెల్లగ వంచితే గుండ్రంగైతది" అన్నాడు పెద్ద ఇంజనీరులా.

అసలు కోటా గుండ్రమే. రాతిగోడ ఈ అంచు నుంచి ఆ అంచుకు సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి 45 బురుజులు, చుట్టూ కందకం, ఆ బయట మట్టికోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన పనిని రుద్రమదేవి పూర్తి చేయించింది. రుద్రమ అనగానే మీకు 2015లో వచ్చిన గుణశేఖర్ చిత్రం, అందులో అనుష్క, తోట తరణి సెట్లు గుర్తొస్తాయి కదూ? ఆ సెట్లలో తిరిగినంత సులువుగా ఈ కోటలోకి వెళ్ళలేం. ద్వారం దాటగానే ఎదురుగా గోడ! పక్కకు తిరగాలి. తిరిగితే ఇంకో ద్వారం.

మావాడు అక్కడే ఆగిపోయాడు. "నా బండి గూడ ఈడ్నే గోడకు తాకుతది మామా. ద్వారం సీదా చెయ్యిమని నాన్న అంటున్నడు."

సీదా చేస్తే ఎలా? బండి ఆగడమే ఆ మలుపు పని! దూసుకొచ్చే శత్రువుల ఏనుగులూ గుర్రాలూ అక్కడ వేగం తగ్గించుకోక తప్పదు. పైన గోడమీద సైనికులు కాచుకుని ఉంటారు. తప్పు మోటారుది కాదు, తెలివి కోటది. సంగతి విన్నాక వాడు ద్వారం జోలికి పోలేదు. మలుపు దగ్గర గిర్రున తిరిగే పళ్ళెం ఒకటి అమర్చాడు. బండి దానిమీదికెక్కి, పక్కకు తిరిగి, లోపలికెళుతుంది. చూసి తీరాలి!

అసలు చిక్కు మధ్యలో వచ్చింది. కోట నడుమ నాలుగు దిక్కులా సుమారు 30 అడుగుల ఎత్తున నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉంటాయి. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కిన తోరణం ఇదే. వాటి మధ్య స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఉలుగ్ ఖాన్ సేన కోటను పట్టుకుంది, ఆలయం కూలింది. ఇప్పుడక్కడ విరిగిన స్తంభాలు, దూలాలు, శిల్పాలు వరసలుగా పడి ఉన్నాయి.

"గిన్ని రాళ్ళున్నయి గద, మల్ల ఎందుకు నిలబెడ్తలేరు?" అని అడిగాడు. వాడి నేస్తాలంతా నడుమ గుడి పెట్టమంటున్నారట. ఖాళీగా ఉంటే బాగోదట.

జవాబు కోసం మర్నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడికి తీసుకెళ్ళాను. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది. దాని ఎదుటి కల్యాణమండపాన్ని 2006లో విప్పేశారు. ముందే రాయిరాయికీ నంబరు వేసుకున్నారు. ఇసుక నింపిన పునాదిమీద మళ్ళీ పేర్చి, 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు తెరిచారు. బొమ్మ చేతిలో ఉండి కూడా పద్దెనిమిదేళ్ళు పట్టిందన్నమాట!

మరి బొమ్మే లేకపోతే? ఎనిమిది బొడిపెల లెగో ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే, వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా పేర్చవచ్చట. ఆరు ఇటుకలకే అంత! కోటలో వందల రాళ్ళు. ఊహించి నిలబెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది సెట్టవుతుంది, ఓరుగల్లు కాదు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం డాబా ఎక్కి చూస్తే, నాలుగు తోరణాల నడుమ విడి ఇటుకలు పరిచి ఉన్నాయి. గుడి లేదు.

"ఎవరన్నా అడిగితే ఏం చెప్తావురా?"

"బొమ్మ దొరికినంక కడ్త అని చెప్త!"

మీరూ ఓసారి వెళ్ళిరండి. రైలు వరంగల్లులోనూ కాజీపేటలోనూ ఆగుతుంది. తీరికుంటే పాలంపేట రామప్పగుడి కూడా చూడండి. 1213 నాటి ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయి! కోటకు మాత్రం సాయంత్రం వేళ వెళ్ళండి. ఫోటో కోసం రాళ్ళమీద ఎక్కకుండా, తోరణాల మధ్య నిలబడి ఆ ఖాళీలో ఏముండేదో మనసులోనే ఓ షాటు తీసుకోండి. ఎవరి షాటు వారిదే!