లైసెన్స్‌కి స్కాలర్‌షిప్ లేదు

బీడీఎస్ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే: “అన్నా, లండన్‌లో డెంటిస్ట్‌గా చేయాలంటే ఏ స్కాలర్‌షిప్‌కి అప్లై చేయాలి?” మేము వెతికినంతలో అలాంటిది ఒక్కటీ దొరకలేదు. ఆ సంగతి ముందే తెలిస్తే లెక్క వేరేగా వేసుకోవచ్చని ఇది రాస్తున్నాం.

మన స్కీములు అడ్మిషన్ లెటర్ చూసి డబ్బులిస్తాయి. కేంద్ర గిరిజన శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికి, అదీ మాస్టర్స్, పీహెచ్‌డీ, ఆపైన చదువులకి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి 20 లక్షల వరకు, అదీ పీజీకే. లైసెన్స్ పరీక్షకి అడ్మిషన్ లెటర్ ఎక్కడిది? అందుకే మనవాళ్లు చాలామంది ఎంపీహెచ్‌లో చేరి వెళ్తున్నారు. అది తప్పని అనం. కానీ డెంటల్ చెయిర్ అక్కడితో దూరమైపోతుంది. అమెరికాలో అయితే ఐఎన్‌బీడీఈ 500 ప్రశ్నలు రెండ్రోజులు రాసి పాసైనా, చాలా రాష్ట్రాల్లో మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ కాలేజీలో చదవాల్సిందే. ఆ ఫీజు మన ఇళ్లలో నోటితో పలికేది కాదు.

బ్రిటన్‌లో మళ్లీ డిగ్రీ చదవక్కర్లేదు, అందుకే మేము ఐదుగురం అటు చూశాం. అక్కడ జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. దానికి ఎక్కువమంది రాసేది ఓఆర్ఈ పరీక్ష. ముందు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకూడదు. ఇంట్లో గోర్‌బోలీ, కోయ, బడిలో తెలుగు, ఇంగ్లీష్ మనకి మూడో భాష. మాట్లాడటంలో గట్టెక్కుతాం, రైటింగ్ దగ్గరే ఆగిపోతాం. దానికి కనీసం ఆర్నెల్లు పెట్టుకోండి.

తర్వాత 1,600 గంటలు. చెయిర్ దగ్గర మీరు స్వయంగా పేషెంట్‌కి చేసిన గంటలు. హౌస్ సర్జన్సీ కూడా లెక్కకొస్తుంది. మాలో ఒకరు రెండేళ్లు ఒక ప్రైవేట్ క్లినిక్‌లో నెలకి 12 వేలకి చేశారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, జీతం చేతికే. ఆ గంటలు చూపించడానికి కాగితమే లేకపోయింది. మీరు చేరిన రోజే లెటర్ అడగండి, మొహమాటం వద్దు.

పేరు సంగతి ఇంకో తలనొప్పి. టెన్త్ మెమోలో బానోతు, కుల ధ్రువపత్రంలో బానోత్, పాస్‌పోర్టులో భానోత్. గురుకులంలో సార్ ఎలా రాస్తే అదే మన పేరు! అక్కడివాళ్లకి అవి ముగ్గురు మనుషులు. డెంటల్ కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ తీసుకునేలోపే అన్నీ ఒకటి చేయించుకోండి.

పార్ట్ 1 కంప్యూటర్ మీద రెండు పేపర్లు. పార్ట్ 2లో నాలుగు: బొమ్మ తల మీద పని, ఓస్కీ, డయాగ్నసిస్ - ట్రీట్‌మెంట్ ప్లానింగ్, మెడికల్ ఎమర్జెన్సీలు. ఒక్కో పార్ట్‌కి నాలుగు ఛాన్సులే. పార్ట్ 1 మొదటిసారి రాసినప్పటి నుంచి ఐదేళ్లలో పార్ట్ 2 పాసవ్వాలి. సీట్ల కంటే రాసేవాళ్లు చాలా ఎక్కువ, కాబట్టి ఆ ఐదేళ్లలో వెయిటింగ్‌కే ఎంత పోతుందో చూస్కోండి. పార్ట్ 2 ఫీజు ఒక్కటే లక్షల్లో ఉంటుంది. వీసా, టికెట్, ప్రాక్టీస్ కోర్సు వేరే. పాసైనా ఎన్‌హెచ్‌ఎస్‌లో చేయడానికి ఇంకో మెట్టు ఉంది.

ఒక్కరి వల్ల కాదని మూడేళ్లుగా ఐదుగురం నెలకి తలా ఐదు వేలు వేస్తున్నాం. వడ్డీ లేదు. ముందు వెళ్లినవాళ్లు ఉద్యోగం వచ్చాక తిరిగి వేయాలి, తర్వాతి వాళ్లు వాడుకోవాలి. కాగితం మీద సంతకాలు పెట్టుకున్నాం, ఎంత దోస్తులమైనా సరే. ఇప్పటికి ఒక అక్క పార్ట్ 1 పాసైంది. రాత్రి పేషెంట్లు వెళ్లిపోయాక క్లినిక్‌లోనే బొమ్మ పళ్ల మీద ప్రాక్టీస్ చేస్తోంది, ప్రతిసారీ రబ్బర్ డ్యామ్ వేసి మరీ. ఇక్కడ రోజూ పనిలో అది వేసేవాళ్లు ఎంతమంది!

అక్కకి సీటు దొరికితే మూటలో ఉన్నదంతా పోతుంది. అక్క పాసవ్వకపోతే ఏంటని ఇంట్లో అడుగుతున్నారు. ఆ మాట కూడా కాగితంలో రాసుకున్నాం: మొదటిసారి పాసవ్వకపోతే రెండోసారికి అందరం కలిసే వేస్తాం, మూడోసారికి తన సొంత డబ్బే. గంటల పట్టిక, మా ఒప్పందం నకలు కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాం.