కొండ మీద దాచిన డబ్బా

మా ఊరి కుర్రాళ్లం, ఆడపిల్లలం కలిసి ఒక ఆట ఆడతాం. బయటివాళ్లు దాన్ని జియోకాషింగ్ అంటారు. మేము డబ్బాలాట అంటాం. ఒక జట్టు కొండెక్కి ఎక్కడో ఒక చిన్న స్టీలు డబ్బా దాచి వస్తుంది. దాచిన చోటు అక్షాంశం, రేఖాంశం ఫోనులో చూసి కాగితం మీద రాసిస్తుంది. రెండో జట్టు ఆ అంకెలు పట్టుకుని వెతకాలి. డబ్బాలో చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క ఉంటాయి. దొరికించుకున్నవాళ్లు అందులో పేరు, తేదీ రాయాలి. లోపలున్న వస్తువు ఒకటి తీసుకుంటే బదులు ఇంకోటి పెట్టాలి. మా డబ్బాల్లో కరక్కాయలు, పూసలు, గురివింద గింజలు, ఒకసారి సగం వాడిన రీఛార్జి కార్డు కూడా ఉన్నాయి.

ఈ ఆట అమెరికాలో పుట్టింది. జీపీఎస్ ఉపగ్రహాలు ఆ దేశపు సైన్యానివి. సామాన్యులకు అందే సంకేతంలో వాళ్లు కావాలనే తేడా పెట్టేవారు. దాంతో చోటు వంద మీటర్ల దాకా తప్పేది. 2000 మే 2న ఆ తేడా తీసేశారు. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బక్కెట్ దాచి, దాని అంకెలు అందరికీ తెలియజేశాడు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆడుతున్నారు. ప్రతి డబ్బాకూ రెండు మార్కులు వేస్తారు. వెతకడం ఎంత కష్టమో ఒకటి, అక్కడి నేల ఎంత కష్టమో ఒకటి. ఒకటి నుంచి అయిదు దాకా. నేలకి అయిదు వేశారంటే తాడు, పడవ లాంటి సామాను లేకుండా అక్కడికి చేరలేరని అర్థం. ఆ లెక్కన మా అక్కలు కొండచీపుర్ల కోసం ఎక్కే చరియకి నాలుగున్నర ఇవ్వాలి. వాళ్లు దాన్ని నెత్తిన మోపుతో దిగుతారు.

మావి మారేడుమిల్లి వైపు కొండలు. మా అంకెలు 17తోనూ 81తోనూ మొదలవుతాయి. చుక్క తర్వాత మూడో అంకె ఒకటి మారితే సుమారు నూటపది మీటర్లు జరిగినట్టు. అంటే గెడ్డకి అవతలి ఒడ్డు. నాలుగో అంకె మారితే పదకొండు మీటర్లు, అయిదోది మారితే దాదాపు ఒక మీటరు. ఇది బళ్లో ఎవరూ చెప్పలేదు. గెడ్డ దాటి, వెదురు పొదలో దూరి, దురదగొండి అంటించుకుని నేర్చుకున్నాం.

చాలామంది సిగ్నల్ లేని చోట ఫోను పనికిరాదనుకుంటారు. మాట్లాడటానికి పనికిరాదు గానీ, చోటు చూపిస్తుంది. అది టవర్లతో పని లేకుండా ఆకాశం నుంచి నేరుగా వస్తుంది. పటం మాత్రం సంతకి వెళ్లిన రోజు ముందే దింపుకోవాలి. ఆ ఫోనుకి ఒకేసారి కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సంకేతం అందాలి. గట్టు మీద నిలబడితే అందుతుంది. గెడ్డ లోతులో ఆకాశం చాటంత మాత్రమే కనబడుతుంది. బండ పక్కన నిలబడితే సంకేతం బండకి కొట్టుకుని తిరిగొచ్చి ఫోనుని మోసం చేస్తుంది. అలాంటి చోట మేము నించున్నచోటే నించున్నా తెర మీది చుక్క ఇరవై అడుగులు అటూ ఇటూ తిరుగుతుంది. కొంతసేపు కదలకుండా ఉంచితే కాస్త కుదురుకుంటుంది.

ఒకరోజు డబ్బా దాచి దిగుతుంటే జీలుగు చెట్టు దగ్గర తాత ఎదురయ్యాడు. "ఎక్కడికెళ్లార్రా?" అన్నాడు. అంకెలు చదివాం. "అదేంటి? ఎలుగు బండకి పైనా, కిందా?" అన్నాడు. మాలో సగం మందికి ఎలుగు బండ ఏదో తెలియదు. ఆరేడేళ్లకే ఆశ్రమ పాఠశాలకి, తర్వాత హాస్టలుకి వెళ్లిపోయినవాళ్లం. సెలవులకి వస్తే కొండ కనిపిస్తుంది, కొండలో ఉన్న పేర్లు వినిపించవు. ఆ రోజు నుంచి ఆటకి ఇంకో నియమం పెట్టుకున్నాం. కాగితం మీద అంకెల పక్కన ఆ చోటు పేరు కూడా రాయాలి. పేరు తెలియకపోతే పెద్దవాళ్లని అడిగి రావాలి. అడిగినకొద్దీ పేర్లు వస్తూనే ఉన్నాయి. తేనె చరియ, పాత ఊరు చింతలు, రెండు గెడ్డల కూడలి, అవ్వ కల్లం. ఒక్క కొండ మీదే నలభై మూడు పేర్లు రాశాం. పాత ఊరు చింతల దగ్గర ఇప్పుడు ఇల్లు లేదు. కానీ అడవిలో చింతలు వరసగా మొలవవు. ఎవరో నాటారు, అక్కడ బతికారు.

ఈ ఆట పని ఏమిటో పోడు సర్వే రోజు తెలిసింది.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్న అడవి భూమికి ఆదివాసీ హక్కు పత్రం అడగొచ్చు. ఎంత సాగులో ఉంటే అంత, నాలుగు హెక్టార్లకి మించకుండా. పెళ్లయినవాళ్లకి పత్రం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. పత్రంలో ఎంత రాస్తారన్నది హద్దు కొలతని బట్టి ఉంటుంది. కొలతకి జీపీఎస్ మిషన్ తెస్తారు. హద్దు చుట్టూ మిషన్‌తో నడిస్తే అదే విస్తీర్ణం లెక్క కడుతుంది.

మా పిన్ని పోడు కొలవడానికి వచ్చినాయన మంచాయనే. మధ్యాహ్నం ఎండకి అలిసిపోయాడు. కింది అంచు, పక్క అంచులు కొంత నడిచి, "పైకెందుకమ్మా, ఇక్కణ్ణుంచే వేద్దాం" అన్నాడు. అలా వేస్తే ఎకరం తొంభై సెంట్లు వచ్చింది. పై చరియలో ఉన్న కంది, బొబ్బర్ల ముక్క అందులో లేదు. మాలో పెద్దదైన అక్క, "మీరు నీడన కూర్చోండి సార్. మిషన్ మేం పట్టుకెళ్తాం, మీ కుర్రాణ్ణి తోడు పంపండి" అంది. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు. మేము ప్రతి మూలలోనూ మిషన్ కుదురుకునేదాకా ఆగాం. బండ పక్కనున్న మూలకి నాలుగడుగులు ఇవతల, ఆకాశం తెరుచుకున్నచోట చుక్క పెట్టి, బండ దాకా ఉన్న దూరం టేపుతో కొలిచి కాగితం మీద రాయించాం. హద్దంతా తిరిగి వచ్చేసరికి రెండెకరాల అరవై సెంట్లయింది. డెబ్బై సెంట్ల తేడా. ఆ డెబ్బై సెంట్లలో పండే కందులే పిన్ని ఇంటికి ఏడాది పప్పు.

ఇంకో సంగతి కూడా ఉంది. మిషన్ నేలని పై నుంచి చూసినట్టు కొలుస్తుంది. ఏటవాలు దానికి లెక్కలేదు. ముప్పై డిగ్రీల వాలున్న చోట మేము ఎకరం తవ్వితే, పటంలో 87 సెంట్లే పడుతుంది. నలభై అయిదు డిగ్రీలైతే 71 సెంట్లు. పిన్ని పోడు ముప్పై డిగ్రీల వాలు. పటంలో రెండెకరాల అరవై అంటే ఆమె గునపం పట్టి తవ్వే నేల మూడెకరాలు. భూమి పటాలు ఎక్కడైనా ఇలాగే గీస్తారు, ఇందులో ఎవరి మోసమూ లేదు. కానీ మైదానంలో ఈ తేడా లెక్కకి రాదు, కొండలో వస్తుంది. మా పెద్దలు పోడుని ఎకరాల్లో చెప్పరు, ఎన్ని కుంచాల గింజలు పడతాయో చెబుతారు. గింజ వాలుని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే దరఖాస్తులో పటం లెక్కతో పాటు గింజల లెక్క కూడా రాయిస్తున్నాం.

చట్టం మిషన్‌ని నెత్తిన పెట్టుకోమని చెప్పలేదు. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యాలకి తోడుగానే ఉండాలి, వాటి స్థానంలోకి రాకూడదు. పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు కూడా సాక్ష్యాలే. దరఖాస్తు కొట్టేసినా, విస్తీర్ణం తగ్గించినా ఆ సంగతి మనకి తెలియజేయాలి. అరవై రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. మా నలభై మూడు పేర్లని అంకెలతో సహా గ్రామసభలో చదివించాం. తాత ఒక్కో పేరుకీ అక్కడ ఎవరు దున్నారో, ఎవరిని పూడ్చారో చెప్పాడు. కార్యదర్శి రాసుకున్నాడు. పెద్దకాపు సంతకం పెట్టాడు.

ఈ ఆట మీ ఊళ్లో మొదలెట్టాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కొన్ని మాటలు. డబ్బా కోసం నేల తవ్వకండి, రాళ్ల సందునో చెట్టు తొర్రలోనో పెట్టండి. తొర్రలో చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి. తినేవి లోపల ఉంచకండి, వాసనకి ఎలుగు వస్తుంది. దేవుడి చోట, పెద్దల్ని పూడ్చిన చోట దాచకండి. తేనెపట్టున్న బండ కిందికి వెళ్లకండి. రిజర్వు లైను రాళ్ల కుప్పల్ని కదపకండి, రేపు అవే మనకి కావాలి. ఒంటరిగా ఎక్కకండి. ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, అంకెల్లో కాదు, పేర్లలో.

పేర్లు తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు అయిదుగురే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు కొండెక్కలేరు. ఫోటోలు తీసి చూపిస్తే మంచం మీద నుంచే చెబుతున్నారు. పిన్ని పత్రం ఇంకా రాలేదు. ఆమెతో పాటు పెట్టిన మూడు దరఖాస్తులకీ జవాబు లేదు. వానలు తగ్గాక గెడ్డ అవతలి కొండ మొదలుపెడతాం.