ఎర్రమట్టి కనబడని ఫోటో



మా ఇంటి ముందుగదిలో రెండు ఫోటోలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ అదే కొండ, అదే తుపాను మబ్బు. ఒకటి సెపియా, అంటే పాతకాలపు ఫోటోల్లాగా గోధుమరంగులో ఉంటుంది. రెండోది మామూలు రంగుల్లో ఉంటుంది. "ఒకే ఫోటో రెండుసార్లు ఎందుకు పెట్టారు అయ్యగారూ?" అని వచ్చినవారు అడుగుతుంటారు. ఈ వారం ఆ సంగతి మీతో పంచుకోవాలనుకున్నాము.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి అక్కడితో ఆగలేదు, అరకు వైపు కొండల మీదికీ వచ్చింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేర్లతో సహా కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. కాఫీ కోతలు దగ్గరపడిన సమయమది.

దారి తెరుచుకున్నాక బియ్యం, దుప్పట్లు తీసుకొని మేము పైకి వెళ్లాము. ఆ సాయంత్రం మళ్లీ మబ్బు కమ్మింది. ఉరుములప్పుడు కొండ అంచున గానీ ఒంటరి చెట్టు కింద గానీ నిలబడకూడదు కదా, అందుకని ఒక ఇంటి అరుగు మీద నుంచే ఫోటో తీశాము. మబ్బు అంచున ఉన్న వెలుగు తెల్లగా మాడిపోకుండా కెమెరాలో వెలుతురు కాస్త తగ్గించాము. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో సెపియా చేస్తే ఎంతో బాగుంది. దగ్గరి కొండ ముదురుగా, వెనక కొండలు ఒకదాని తర్వాత ఒకటి పలచబడుతూ కనిపించాయి. పెద్దది చేయించి మందిరంలో పెట్టాము.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం దాన్ని చూపించే ప్రసంగించాము. మా చిన్నతనంలో చిన్నాన్నగారి స్టూడియోలో సెపియా చేయడం చూశాము. నలుపు తెలుపు ఫోటోను ముందు ఒక మందునీళ్లలో వేస్తారు. బొమ్మ దాదాపు మాయమై లేత పసుపు నీడ మిగులుతుంది. తర్వాత కుళ్లిన గుడ్ల వాసన వేసే సల్ఫైడు నీళ్లలో వేస్తే బొమ్మ గోధుమరంగులో తిరిగి వస్తుంది. కాగితం మీది వెండి సిల్వర్ సల్ఫైడుగా మారుతుంది. అది మామూలు వెండి కంటే గాలికీ తేమకూ బాగా తట్టుకుంటుంది. "దేవుడు మనలను చెరిపేది నిలబెట్టడానికే" అని ముగించాము. బాగా చెప్పామనే అనుకున్నాము.

ఆరాధన అయ్యాక కొండ మీది పెద్దాయన ఒకరు ఆ ఫోటో ముందు నిలబడిపోయారు.

"ఇది ఎప్పటిదండి అయ్యగారూ?"

"మొన్న తుపాను తర్వాతదే తాతా. మీ ఊరి కొండే."

ఆయన వేలు పెట్టి వెతికారు. "అయితే మా తోట ఇక్కడుండాలి. కొండ జారిన ఎర్రమట్టి కనబడదేటండి?"

కనబడదు. సెపియాలో ఎరుపూ పచ్చా ఒకే గోధుమరంగులో కలిసిపోయాయి. ఆయన బ్రతుకు పోయిన చోటు మా ఫోటోలో అందమైన నీడ అయింది.

కాసేపాగి ఆయన నెమ్మదిగా అన్నారు: "బొమ్మ తిరిగొస్తాదని ఆ మందునీళ్లలో వేసినోడికి తెలుసు. నాకెవరు సెప్పారండి?"

కొత్త కాఫీ మొక్క కాపుకు రావడానికి 3, 4 ఏళ్లు పడుతుంది. నీడ చెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ. ఆయనకు అప్పటికే డెబ్బై దాటాయి. మా దగ్గర జవాబు లేదు. ఆయన పక్కన బెంచీ మీద ఊరికే కూర్చున్నాము.

ప్రియులారా, ఆ రోజు మాకు సిగ్గు వేసింది. మేము పొగిడిన ఆ సెపియా ఏ మందునీళ్లలోనూ మునగలేదు. ఒక్క మీట నొక్కితే వచ్చింది. తోట పోగొట్టుకోని మేము, పోగొట్టుకున్నవారికి చెప్పిన పాఠమూ అలాంటిదే. యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు నేల మీద మౌనంగా కూర్చున్నారు. వారు తప్పిపోయింది నోరు తెరిచాకే.

మరుసటి వారం యౌవనస్తులతో పైకి వెళ్లి, ఆ తోటలో కూలిన మానులు కోసి పక్కకు తీశాము. రంగుల ఫోటో కూడా వేయించి తెచ్చాము. పెద్దాయన అందులో ఎర్రగా చీలిన చోటు చూసి, "ఆఁ, ఇదండి మా తోట" అన్నారు.

మేము ఇప్పటికీ మబ్బు పట్టిన కొండలను తీస్తాము, సెపియా కూడా చేస్తాము. అందం పాపం కాదు. అయితే ముందు రంగుల్లో పూర్తిగా చూస్తాము. ఆ కొండ మీద బ్రతికేవారికి చూపించాకే రంగు మారుస్తాము.

ఈ వారం మీలో ఎవరైనా నష్టపోయిన ఇంటికి పరామర్శకు వెళ్తుంటే, ఓదార్పు మాట చేతిలో సిద్ధంగా పట్టుకుని వెళ్లకండి. వారి ఎర్రమట్టి వారిని చూపించనివ్వండి. దేవుని ఆదరణ మీకు తోడైయుండును గాక.