దేవుళ్లు ఎవరి ప్రశ్నకు పుడతారు?

సిద్దిపేట జిల్లా చేర్యాలకు బయటినుంచి వచ్చేవాళ్లలో చాలామంది కొమురవెల్లి మల్లన్న దర్శనానికి పోతూ దారిలో ఆగేవాళ్లే. కొందరు మాత్రం ఇక్కడి నకాషీ బొమ్మల కోసమే వస్తారు. ఎర్రటి నేల మీద మనుషులు, దేవతలు, పశువులు, చెట్లు కిక్కిరిసిపోయే ఆ పటాలు వేసే కుటుంబాలు ఊళ్లో కొన్నే ఉన్నాయి. నేను అక్కడికి ఒక ప్రశ్నతో వెళ్లాను. టీనేజి పిల్లల కోసం ఫాంటసీ నవల రాయబోయేవాళ్లు సాధారణంగా లేని దేశానికి మ్యాపు గీస్తారు, పదిమంది దేవుళ్లకు పేర్లు పెడతారు, ఒక్కొక్కరికి ఒక శక్తి, ఒక ఆయుధం, ఒక వాహనం పంచుతారు. ఇంత శ్రమపడినా చాలాసార్లు ఆ దేవుళ్లు కాగితం మీదినుంచి లేవరు. తరతరాలుగా దేవుళ్లనూ రాక్షసులనూ వీరులనూ గుడ్డ మీదికి దింపుతున్న ఈ పనిశాలల్లో అలాంటి కల్పనకు బలం ఎక్కడినుంచి వస్తోందో చూడాలనుకున్నాను. చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: మాకే ఈ బతుకెందుకని ఒక జనం అడిగినప్పుడు పురాణం పుడుతుంది. ఆ పురాణం చెప్పిన జవాబుతో తృప్తిపడని పిల్ల ఎవరైనా ఉంటే, నవలకు కావలసిన పాత్ర అక్కడ దొరుకుతుంది.

ముందు పటం సంగతి. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టుబంక కలిపిన పూత పెడతారు. ఒకటి ఆరాక మరొకటి పూస్తే గుడ్డ బిరుసెక్కుతుంది. దానిమీద కుంచెతో గీత వేసి, బొమ్మల చుట్టూ ఎరుపు నింపి, మిగతా రంగులద్ది, చివరికి నల్లగీతతో కళ్లూ నగలూ తేలుస్తారు. పాతకాలపు కథాపటాలు మూడడుగుల వెడల్పుతో 40, 50 అడుగుల పొడవుదాకా ఉండేవి. చుట్ట విప్పుతుంటే కథ గళ్లుగళ్లుగా పైనుంచి కిందికి దిగుతుంది. మొదటి గడిలో వినాయకుడుంటాడు. దేవుడికి నీలం, దేవతకు పసుపు, రాక్షసుడికి ముదురు గోధుమరంగు, మనిషికి గులాబి ఛాయ. దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా ఎవరు ఏ జాతివాళ్లో తెలియాలి కనుక ఈ కట్టుబాటు. నన్ను ఆపింది మాత్రం ముఖాలు. అన్నిటికీ అవే పెద్ద కళ్లు, అదే కోటేరు ముక్కు. ఒక కథలోని వీరుణ్ణి ఇంకో కథలోని వీరుడి పక్కన నిలబెడితే ముఖం చూసి ఎవరెవరో చెప్పలేం. ఏ గడిలో ఏం చేస్తున్నాడు, ఎవరి ముందు నిలబడ్డాడు, ఎవరితో తలపడ్డాడు అన్నదాన్ని బట్టే గుర్తుపట్టాలి. కొత్త రచయితలు కథానాయకుడి కళ్ల రంగుకూ కత్తి పిడికీ పేజీలు ఖర్చుపెడుతుంటారు. నకాషీ చిత్రకారుడు ఆ పనిని నాలుగు రంగుల కట్టుబాటుకు వదిలేసి, తన చోటంతా చేతలకే ఇస్తాడు.

ఈ పటాలు మొదట గోడకు తగిలించడానికి పుట్టినవి కావు. పటం వేయించుకునేవాళ్లు కథ చెప్పేవాళ్లు, కథ చెప్పించుకునేది ఒక కులం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు చెబుతారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు పటానికి బదులు నకాషీలు చేసిన చెక్కబొమ్మలను ముందు పెట్టుకుంటారు. ఏ ఊళ్లో ఏ కుటుంబం చెప్పాలన్నది వంశపారంపర్యంగా వచ్చే హక్కు. నకాషీ తనకు తోచిన కథ వేయడు, కథకుడు చెప్పే వరుసను పట్టుకుంటాడు. కథకుడికీ స్వేచ్ఛ తక్కువే, ఎదురుగా కూర్చున్నవాళ్లు వింటున్నది తమ మూలపురుషుడి కథ. తప్పుతోవ పట్టిస్తే ఊరుకోరు. అంటే ఇక్కడ ప్రతి దేవుడికీ చిరునామా ఉన్న శ్రోతలున్నారు, ఆ దేవుడు అలా కాక ఇంకోలా ప్రవర్తిస్తే నష్టపోయేవాళ్లున్నారు. అచ్చులో వచ్చే ఎన్నో కల్పిత పురాణాలకు లేనిది ఇదే. వాటిలో దేవుణ్ణి మార్చేసినా ఎవరికీ ఏమీ కాదు.

ఆ కథల్లో ఏముందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. పద్మశాలీల కథలో మార్కండేయుడి హోమగుండంలోంచి భావనరుషి పుడతాడు. విష్ణువు నాభికమలం నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేస్తాడు, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు, పులినెక్కి తిరుగుతాడు. పులి, నిప్పు, సూర్యుడి కూతురు అద్భుతాలే. కానీ కథ బరువంతా ఒక్క మాట మీద నిలిచింది: నేతగాడు లేకపోతే దేవతలకూ ఒంటిమీద గుడ్డ లేదు. చాకలివాళ్లు చెప్పుకునే ఒక కథ ఇంకా కఠినమైనది. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసి ఎందరినో చంపిన వీరభద్రుణ్ణి, ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా లోకంలోని మనుషులందరి బట్టలూ ఉతకమని శివుడు ఆజ్ఞాపించాడట. ఊరి మురికి ఉతికేవాడు ఒకప్పుడు దేవతలే గడగడలాడిన యోధుడన్నమాట. మాదిగల జాంబపురాణంలో జాంబవంతుడు భూమికంటే ముందు పుట్టినవాడు. ఆ పుట్టుక బలంతోనే అతడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. మూడు కథల్లోనూ పోలిక ఒక్కటే. సమాజం ఏ పనిని, ఏ పుట్టుకను చూసి మనిషిని తక్కువ చేస్తుందో, సరిగ్గా అక్కడే పురాణం మొదలవుతుంది. అద్భుతాలన్నీ ఆ గాయం చుట్టూ అల్లుకున్నవే.

లోకాన్ని కల్పించే విషయంలో కాటమరాజు కథ ఇంకో పాఠం చెబుతుంది. దానికి మూలం 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన నల్లసిద్ధితో జరిగిన పోరు. కరువొచ్చి ఆవులమందలతో దక్షిణానికి దిగిన కాటమరాజు, ఆ రాజు బీళ్లలో మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలు ఇస్తానని ఒప్పుకుంటాడు. ఒక పెంపుడు చిలుక చావు నుంచి పుట్టిన తగవులో ఆవులు చస్తాయి, పుల్లరి ఆగిపోతుంది, ఎర్రగడ్డపాడులో యుద్ధం జరుగుతుంది. గంగ వంటి దేవతలు కథలోకి వస్తారు, వీరుల మహిమలు వస్తాయి. అయినా యుద్ధం ఎందుకొచ్చిందని అడిగితే పసిపిల్లలు కూడా చెప్పగలరు: గడ్డి కోసం. చాలా ఫాంటసీ నవలల్లో యుద్ధానికి కారణం చెడ్డరాజు చెడ్డతనం. ఇక్కడ మాత్రం మేత, వాన, బాకీ, మాట తప్పడం ఉన్నాయి. అందుకే రెండు పక్షాల వాదమూ వినబుద్ధేస్తుంది. కల్పిత దేశంలో నదులు ఎటు పారతాయో గీసే ముందు, ఎవరు ఎవరికి ఏం చెల్లించాలో రాసుకుంటే కథకు దారి దానంతటదే పడుతుంది.

ఇదంతా పల్లెటూరి పాతకథల లక్షణమని, నేటి పుస్తకాలకు అతకదని అనుకోవచ్చు. లోకమంతా చదివిన పిల్లల ఫాంటసీలను చూస్తే అలా అనిపించదు. రిక్ రియోర్డన్ పెర్సీ జాక్సన్ కథను డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్న తన కొడుక్కి చెబుతూ మొదలుపెట్టాడు. 2005లో వచ్చిన తొలి నవలలో పెర్సీకి అక్షరాలు అలికినట్టు కనిపించడానికి కారణం, అతడి మెదడు ప్రాచీన గ్రీకు కోసం తయారై ఉండటం. కుదురుగా కూర్చోలేకపోవడం యోధుడి లక్షణం. తరగతిలో తలవంపు తెచ్చిన లోపమే దైవాంశకు గుర్తయింది. వీరభద్రుడు బట్టలుతికే కథకూ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. ఫిలిప్ పుల్‌మన్ 1995 నాటి నవల 'నార్తర్న్ లైట్స్'లో ప్రతి మనిషికీ జంతురూపంలో ఒక తోడుంటుంది. పిల్లలున్నంతకాలం ఆ తోడు రూపాలు మారుస్తూనే ఉంటుంది, ఎదిగాక ఒక్క రూపంలో స్థిరపడిపోతుంది. నేనేమవుతానో అన్న కౌమారపు బెంగకు అంత సూటి జవాబు ఇంకోటి దొరకదు. 1968లో అర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో గెడ్ అహంకారంతో తానే ఒక నీడను లోకంలోకి వదిలి, ఆ నీడ తానేనని ఒప్పుకునేదాకా పరుగెడతాడు. ఈ మూడింటిలో అద్భుతం ముందు పుట్టి అర్థం తర్వాత వచ్చి చేరలేదు. ఒక వయసు పిల్లల ప్రశ్నే అద్భుతానికి రూపమిచ్చింది.

దీనికి తెలుగు పాఠకులు వేయగల గట్టి ప్రశ్న ఒకటుంది. పిల్లల మాసపత్రిక చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకొని 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటి ఎన్నో జానపద సీరియళ్లు రాశారు, చిత్రకారుడు చిత్రా బొమ్మలతో అవి తరాలను ఊపేశాయి. వాటిలోని మాంత్రికులు ఏ జనం గాయానికీ జవాబు కాదు కదా? నిజమే. ఆ సీరియళ్ల బలం వేరు. ప్రతి నెలా కథను ప్రమాదం అంచున ఆపి, వచ్చే నెలదాకా పిల్లలను ఎదురుచూయించే నేర్పు అది. పదేళ్ల పిల్లవాడు తర్వాత ఏమైందని అడుగుతాడు, ఆ ప్రశ్నకు వాటికి మించిన సమాధానం లేదు. పదహారేళ్లకు అడిగే ప్రశ్న మారిపోతుంది. నన్నెందుకు ఇలా చూస్తున్నారు, నా దారి ముందే రాసిపెట్టి ఉందా అన్న నిలదీత మొదలవుతుంది. సాహసాన్ని దాసరి దగ్గర నేర్చుకోవచ్చు. ఈ రెండో ప్రశ్నకు మాత్రం పటం కథలే దగ్గరి గురువులు.

అంతకంటే లోతైన అభ్యంతరం కులం. ఈ కథలు కులాన్ని నిలబెట్టినవే కదా, వీటిని పిల్లల పుస్తకాలకు నమూనాగా ఎలా చూపుతారని ఎవరైనా అడిగితే తప్పుపట్టలేం. బట్టలుతకడం శివాజ్ఞ అని చెప్పే కథ గౌరవమిస్తూనే ఆ పనిని తరతరాలకు కట్టేస్తుంది. పుట్టుకలో అందరికంటే పెద్ద అని చెప్పినంతమాత్రాన ఊరిబయటి వాడ ఊళ్లోకి రాలేదు. ఈ విమర్శను నేను ఒప్పుకుంటాను. పురాణానికీ నవలకూ గీత గీయాల్సింది కూడా ఇక్కడే. పురాణం జవాబిచ్చి ఊరుకుంటుంది, శ్రోత దాన్ని తలకెత్తుకోవాలి. నవలలోని పిల్లవాడు ఆ జవాబును పరీక్షకు పెడతాడు. పెర్సీ తన తండ్రి దేవుడని తెలిశాక మురిసిపోడు, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని కోపగిస్తాడు. పుల్‌మన్ నవలలోని లైరా పెద్దలు చెప్పిన పవిత్రమైన మాటలనే ధిక్కరిస్తుంది. వీరభద్రుడి వంశంలో పుట్టిన ఒక పద్నాలుగేళ్ల పిల్ల, ఆయన చేసిన హత్యలకు నేనెందుకు ఉతకాలని అడిగిందనుకోండి. ఆ క్షణంలో ఒక పాత్ర పుట్టింది, వెనకాల పురాణం సిద్ధంగా ఉంది కాబట్టి ఆ ప్రశ్నకు బరువూ వచ్చింది. పురాణం బలహీనంగా ఉంటే తిరుగుబాటు కూడా తేలిపోతుంది.

ఇక ఎవరి కథ ఎవరు వాడుకోవచ్చన్నది. డక్కలి కథకుడి కుటుంబానికి తరతరాలుగా హక్కు ఉన్న కథను నగరంలో కూర్చుని ఎత్తుకొచ్చి, పేర్లు మార్చి అచ్చువేస్తే అది దోపిడీయే. కథను వాడుకుంటే కథకుల సమ్మతి, పేరు, ప్రతిఫలం ఉండాలి. అయితే నేను ఇక్కడినుంచి తీసుకోమంటున్నది కథలను కూడా కాదు, అవి పనిచేసే తీరును. కథ పోయి బొమ్మ మాత్రమే మిగిలితే ఏమవుతుందో కూడా చేర్యాలలోనే కనిపిస్తుంది. పటం చెప్పించుకునేవాళ్లు తగ్గాక నకాషీలు చింతగింజల పిండి, రంపపు పొట్టుతో ముఖాల మాస్కులు, కీచైన్లు, వాటితోపాటు గోడకు తగిలించే చిన్న చిత్రాలు చేసి అమ్ముతున్నారు. పనితనం తగ్గలేదు, వాళ్ల పొయ్యి వెలగాలంటే ఆ పని కావాలి కూడా. కానీ కొనేవాళ్లలో ఎందరికో ఆ ముఖం ఎవరిదో తెలియదు, తెలుసుకోకపోయినా ఇబ్బంది లేదు. ఫాంటసీ నవలల్లో అలంకారంగా మిగిలిపోయే దేవుళ్లదీ ఇదే స్థితి.

కాబట్టి కొత్తగా రాయబోయేవాళ్లు పురాణాన్ని జాబితాతో కాక శ్రోతలతో మొదలుపెట్టాలని నా వాదన. ఎవరు తక్కువగా చూడబడుతున్నారు, దేనికి, వాళ్లు తమలో తాము ఏమని చెప్పుకుంటారు? ఈ మూడు ప్రశ్నలు ఏ కులంతోనూ ముడిపడనక్కర్లేదు. ఇంటర్మీడియట్ హాస్టళ్లలో ర్యాంకులతో తూకం వేయబడే తెలుగు పిల్లలున్నారు, బతుకుతెరువు కోసం తల్లిదండ్రులు గల్ఫుకు పోతే అమ్మమ్మల దగ్గర పెరిగేవాళ్లున్నారు. మమ్మల్ని అంకెలతో ఎందుకు పిలుస్తారు, మా అమ్మానాన్నలను ఎడారి ఎందుకు అడిగింది అన్న ప్రశ్నలకు ఇంతవరకు ఏ దేవుడూ పుట్టలేదు. వాళ్లకు ఒక మూలపురుషుణ్ణీ, ఒక పాత బాకీనీ, ఒక శాపాన్నీ కల్పించి, ఆ శాపం చెల్లదని వాదించే ఒక పిల్లను ఎదురు నిలబెట్టగలిగితే నవలకు సగం పని అయినట్టే. ఆ దేవుడి రంగు నీలమో పసుపో తర్వాత తేల్చుకోవచ్చు.