ర్యామ్ రేటు, వడ్ల రేటు

సంక్రాంతికి రుద్రూర్ వెళ్లినప్పుడు మా కాక కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, ర్యామ్ రేట్లు మస్తు పెరుగుతున్నయట. కొత్త ఫోన్లన్నీ పిరమైతయంట. మెమరీ చిప్పుల షేర్లు కొంటే ఎట్లుంటది?" అన్నాడు. వాడి దగ్గర వానాకాలం వడ్ల పైసలు రెండు లక్షలున్నాయి. అవి యాసంగి పెట్టుబడికి. మిగిలితే చెల్లె పెండ్లికి.

నేను సాఫ్ట్‌వేర్ కాబట్టి చిప్పుల గురించి అన్నీ తెలుసని వాడి నమ్మకం. బాపు అరుగు మీద కూర్చుని మా మాటలు వింటున్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. ఫోన్‌లో ఉండే ర్యామ్‌ను డీర్యామ్ అంటారు. ప్రపంచంలో దాన్ని పెద్ద ఎత్తున చేసేవి ముఖ్యంగా మూడు కంపెనీలే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఇప్పుడు ఏఐ సర్వర్ల కోసం హెచ్‌బీఎమ్ అనే ఖరీదైన మెమరీకి గిరాకీ పెరిగింది. అంతే జీబీల మామూలు మెమరీతో పోలిస్తే దానికి దాదాపు మూడింతల సిలికాన్ కావాలి. అంటే ఉన్న మళ్లలోనే వేరే పంట వేసినట్టు. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మిగిలేది తగ్గింది, రేటు పెరిగింది. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే మామూలు కస్టమర్లకు అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

"మరింకేంది అన్నా, కొనుడే గదా!"

అదే మైక్రాన్ 2023 ఆర్థిక సంవత్సరంలో 580 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. రెండేళ్లకు, 2025లో 850 కోట్ల డాలర్లకు పైగా లాభం చూపించింది. ఎందుకంటే మెమరీ చిప్ కూడా వడ్ల లాంటిదే. ఏ కంపెనీదైనా దాదాపు ఒకటే సరుకు, రేటు మార్కెట్ చెప్పాల్సిందే. ధర బాగున్నప్పుడు అందరూ ఫ్యాక్టరీలు పెంచుతారు. అవి తయారవడానికి ఏళ్లు పడుతుంది. సరుకంతా ఒకేసారి మార్కెట్లోకి వచ్చాక రేటు పడిపోతుంది. మన నిజామాబాద్ పసుపు రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

1980లో మైక్రాన్‌లో డబ్బు పెట్టినవాళ్లలో జే.ఆర్. సింప్లాట్ ఒకరు. అమెరికాలోని ఐడహోలో ఆలుగడ్డలతో కోట్లు సంపాదించిన మనిషి, మెక్‌డొనాల్డ్స్‌కు ఫ్రైస్ ఇచ్చినవాడు. 1985లో జపాన్ చిప్పులు ముంచెత్తి ధరలు కూలిపోతే, మైక్రాన్ దాదాపు సగం మంది ఉద్యోగులను ఇంటికి పంపింది. సింప్లాట్ మాత్రం వెనక్కి తగ్గలేదు. కానీ ఆయన పెట్టింది యాసంగి పైసలు కాదు.

"మెమరీ వద్దంటే, వైర్‌లెస్ కంపెనీలు? 5జీ, 6జీ అంటున్నరు గదా!"

ఆ మాటకు నా గుండె కలుక్కుమంది.

వైర్‌లెస్ వ్యాపారం కొంచెం వేరు. క్వాల్‌కామ్ లాంటి కంపెనీకి చిప్పులతో పాటు పేటెంట్ల ఫీజు కూడా వస్తుంది. ఎవరు ఫోన్ అమ్మినా అందులో కొంత దానికి. ఒకప్పుడు పత్తి విత్తనం ప్యాకెట్ మీద బీటీ టెక్నాలజీ ఫీజు కట్టినట్టు. అంత మంచి వ్యాపారమైనా ఏం జరిగింది? 1999లో ఒక్క ఏడాదిలోనే క్వాల్‌కామ్ షేరు 26 రెట్లకు పైగా పెరిగింది. అది చూసి 2000 జనవరిలో పై ధరకు కొన్నవాళ్లకు, మళ్లీ ఆ ధర కనబడడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. కంపెనీ మంచిదే. కొన్న రేటే మంచిది కాదు.

ఇది నాకెట్లా తెలుసంటే, నేనూ అట్లనే కొన్నాను కాబట్టి. 2021లో కొత్త ఉద్యోగం, ఫోన్ నిండా 5జీ వీడియోలు. ఒక వైర్‌లెస్ పరికరాల కంపెనీలో లక్షా ఎనభై వేలు పెట్టాను. ఏడాదిన్నర తర్వాత అమ్మితే చేతికొచ్చింది డెబ్బై వేలు. అవి నా ఇంజినీరింగ్ ఫీజు కోసం కుదువ పెట్టిన అమ్మ గొలుసు విడిపించాల్సిన పైసలు. "కంపెనీల బోనస్ ఆపిండ్రు" అని ఇంట్లో చెప్పాను. గొలుసు ఇంకో రెండేళ్లు బ్యాంకులోనే ఉంది. అమ్మ రెండు పెండ్లిళ్లకు నల్లపూసలతోనే పోయింది.

తమ్ముడికి ఇదంతా చెప్పేటప్పుడు బాపు వింటున్నాడని తెలుసు. అయినా చెప్పాను. ఆ రెండు లక్షలు కాపాడడానికి నా దగ్గర ఇంతకంటే గట్టి మాట లేదు.

బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "చెరుకు ఏసిననాడు ఫ్యాక్టరీ ఎప్పటికీ ఉంటదనే ఏసినం బిడ్డా" అన్నాడు. బోధన్ శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ గురించి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. మా చెరుకు మడి అప్పటి నుంచి వరి మడి.

"బోనస్ ముచ్చట మీ అమ్మకు నువ్వే చెప్పుకో" అని లేచి లోపలికి పోయాడు.

తమ్ముడు యాసంగి పైసలు ముట్టుకోలేదు. తన సొంతానివి ఐదు వేలు మాత్రం పెట్టాడు. పోయినా నాట్లు ఆగవు. నేను ఆ రాత్రి వంటింట్లో అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె అంతా విని మెడలో గొలుసు ఒకసారి సర్దుకుంది.

"ఆ పెండ్లిళ్లప్పుడే చెప్తే, మీ అత్తమ్మది అడిగి ఏసుకుంటుంటి గదరా" అంది.